సేటు వెంట చీమలు

సూర్యాపేటలో డాక్టర్ సత్యానందం దవాఖాన పొద్దున్నే తెరిచేవాడు. రోగులు బెంచీ మీద కూర్చునేవారు, వాళ్ల వెంట వచ్చిన చీమలు బెంచీ కింద ఆగేవి. షుగరు జబ్బున్న ప్రతి మనిషి వెనకా ఓ చీమలబారు నడవడం ఆ ప్రాంతంలో కొత్తేమీ కాదు. బస్సు కండక్టర్లు సైతం వాటిని తొక్కకుండా జరగమని జనాన్ని కసిరేవారు. జబ్బు అదుపులోకొస్తే చీమలు వెనుదిరిగి పోయేవి.

సాగర్ కాలువ నీళ్లొచ్చి, జొన్నరొట్టె తినే ఇళ్లు మూడు పూటలా వరి అన్నానికి అలవాటు పడ్డాకే ఈ బారులు పెరిగాయని డాక్టరు నమ్మకం. మళ్లీ జొన్నలకు మారి రోజూ నడిస్తే కొందరికి ఇన్సులిన్ సూదే అక్కర్లేదని మద్రాసు వైద్యపత్రికకు వ్యాసం రాస్తున్నాడు. దానికి మంచి ఉదాహరణ ఒకటి కావాలి. కావాలన్న ఆత్రంలో ఎంత చదివినవాడికైనా కళ్లు సగమే పనిచేస్తాయి, పాపం. ఈయనకూ అదే జరిగింది.

మిర్యాలగూడలో రైసుమిల్లున్న నర్సింగరావు సూదంటే హడలిపోయే మనిషి, డాక్టరు మాట మీద జొన్నరొట్టెకు మారాడు. ఒకరోజు ఆయన దవాఖానకు వచ్చాడు, వెనక ఒక్క చీమ లేదు. డాక్టరు నేలకేసి చూసి పొంగిపోయాడు. జబ్బు తగ్గిందని తేల్చాలంటే మూత్రాన్ని పరీక్షకు వాడే నీలిమందులో కలిపి స్పిరిటు దీపం మీద కాచి చూడాలి. షుగరు ఎక్కువుంటే ఇటుకరంగు తిరుగుతుంది. ఆ రోజు దీపం వెలిగించలేదు.

"ఇగ సూది బంద్ చెయ్యిన్రి సేటూ" అన్నాడు.

వ్యాసంలో మొదటి ఉదాహరణ నర్సింగరావే. అది అచ్చయ్యాక సేటు ఆ పేజీకి అద్దం కట్టించి, మిల్లులో దేవుడి పటాల పక్కన వేలాడదీశాడు.

కొన్నాళ్లకు మిల్లులో ఊకనిప్పు ఆయన కాలివేలికి తగిలింది. జబ్బుతో మొద్దుబారిన కాలికి నొప్పి తెలియలేదు. కబురందుకుని సత్యానందం మిర్యాలగూడలో సేటు ఇంటికి వెళ్లేసరికి పాదమంతా నల్లబడి ఉంది. గదిలో వాసన భరించలేకుండా ఉంది. చీమలు మాత్రం లేవు. అవి పెరటి గోడ వారన ఉన్నాయి, తాడంత లావు బారు. సేటు భార్య కస్తూరి వాటికి నూకలూ చక్కెరా చల్లుతోంది.

ఎప్పటినుంచి వేస్తున్నారని డాక్టరు అడిగాడు.

"ఆయనకు జబ్బని తెలిసిన కాడికెల్లి సారూ. చీమలకు ఏస్తె పున్నెమంటరు గద. ఏసినంక ఆయన ఎంట తిరుగుడు మానేసినయ్. నయమైందనుకున్నం."

డాక్టరుకు అప్పుడు సంగతి బోధపడింది. జబ్బు తగ్గి కాదు, తిండి దొరికి చీమలు ఆగిపోయాయి. ఆ మాట ఆమెకు చెప్పకుండా, కారు మాట్లాడమన్నాడు. హైదరాబాదు తీసుకుపోయేలోగా నర్సింగరావు ప్రాణం పోయింది.

మైల రోజుల్లో ఆ ఇంట్లో చీమలకు వేయకూడదు. గోడ వార ఖాళీగా ఉండిపోయింది. దశదినకర్మ నాడు సత్యానందం వచ్చి, ముందుగా మిల్లులో ఉన్న అద్దం పటాన్ని దించాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చి, తను రాసింది తప్పని, దిద్దుబాటు వేయమని మద్రాసుకు రాశానని కస్తూరికి చెప్పాడు.

"నేనేసిన చక్కెరనే ఆయనను తిన్నదా సారూ?"

"కాదమ్మా. ఆ రోజు నేను దీపం ఎలిగియ్యలే. తప్పు నాది."

అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయనకూ ఏడుపు ఆగలేదు.

అంతలో పెరటి గుమ్మం దాటి చీమలు లోపలికి వచ్చాయి. సేటు మంచం వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వచ్చి కస్తూరి మడమల వెనక ఆగాయి. ఆమె పక్కకు జరిగితే అవీ జరిగాయి. ఇన్నాళ్లూ ఆ గోడ దగ్గర మేసినవి సేటు చీమలే కాదు, కస్తూరివి కూడా.

సత్యానందం సంచీలోంచి గాజుగొట్టం, నీలిమందు తీశాడు. ఆమె మూత్రం అడిగి తీసుకుని, ఆ కర్మ ఇంట్లోనే దీపం వెలిగించి కాచాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుకరంగుకు వచ్చి నిలిచింది.

కస్తూరి దాన్ని చూసి, రవిక చెయ్యి పైకి మడిచి చెయ్యి చాపింది.

"సూది ఇయ్యిన్రి సారూ. ఇగ గోడకాడ చక్కెర ఎయ్య. వీటిని నా ఎంటనే తిరగనియ్యిన్రి."