నాలుగో వరసలో సూరీడు

లక్ష్మణమ్మ రోజూ పడవలు ఒడ్డుకు రాకముందే లేచి, గ్లాసుడు టీ పక్కన పెట్టుకుని, ఫోన్లో కాయితం తెరిచేది.

కళింగపట్నం ఎండుచేపల సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్ళు. ఒడ్డున పన్నెండు సిమెంటు అరుగులు. ఏ అరుగు ఎవరిదో, ఎవరు ఏ రోజు ఏ చేప ఆరబెట్టారో ఆ కాయితంలో అరుగుకో వరసగా ఉండేది. అది చేత్తో పట్టుకునే కాయితం కాదు. విజయనగరంలో డిగ్రీ చదువుకుంటున్న దుర్గ అనే పిల్ల, సంఘం కార్యదర్శి కూతురు, అక్కడ హాస్టల్లో కూర్చుని ఆన్‌లైన్లో తయారు చేసింది. ఊళ్ళో ఆ పన్నెండు మంది ఫోన్లలోనూ అదే తెరుచుకునేది. ఒకళ్ళు దిద్దితే అందరికీ దిద్దుబాటు కనబడేది.

పన్నెండు మందిలో చదవడం వచ్చింది లక్ష్మణమ్మ ఒక్కదానికే. అందుకని దుర్గ ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో గుర్తు పెట్టింది. మగవాళ్ళు పడవలకి చేపో చుక్కో గీసుకుని దూరం నుంచే ఆనవాలు పట్టరూ, ఇదీ అలాగే. అమ్మడికి గొడుగు, కుసుమకుమారికి పువ్వు, జగ్గమ్మకు సూర్యుడు.

గుర్తులు పెట్టిన మర్నాటి నుంచి అమ్మడి అరుగు మీద వాన పడడం మానేసింది. చుట్టూ ధారగా కురిసినా ఆమె ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల మీద చుక్క రాలేది కాదు. అమ్మడు తన ప్లాస్టిక్ గోనెను తీసుకెళ్ళి మేకకు కప్పింది. కుసుమకుమారి ఎండుచేపలు మొగలిపువ్వు వాసన వేసేవి. పిల్లులు వచ్చి, మూతి పెట్టి, కాసేపు ఆలోచించుకుని వెళ్ళిపోయేవి. బొబ్బిలి నుంచి వచ్చే వ్యాపారి మాత్రం, పువ్వు చేప మా వైపు పోదు, వేరే గుర్తు పెట్టించుకోమని కుసుమకుమారికి చెప్పి, మిగతావాళ్ళ సరుకు ఎత్తుకుపోయాడు.

జగ్గమ్మ అరుగు మీద ఎండ కాసేది. ఆ అరుగు ఎంత ఉందో అంత మేరకే, అంచులు గీసినట్టు. భాద్రపదం ముసురులో కూడా.

లక్ష్మణమ్మ పేరు పక్కన మాత్రం ఏమీ లేదు. ఆమే వద్దంది. దుర్గ ఫోన్ చేసి, "నీకేటి ఎట్టమంటావు, పెద్దమ్మా?" అని అడిగితే, "నాకెందుకే? బొమ్మలు సదువు రానోళ్ళకి. నా పేరు నాను సదువుకోగల్ను," అంది. ఆ మాట అనేటప్పుడు పక్కన నలుగురు ఉన్నారని చూసుకుని మరీ గట్టిగా అంది.

ఇప్పుడు ఆ నలుగురూ ఉన్నారు, ఆ మాటా ఉంది. వెనక్కి తీసుకునేదెలా?

జగ్గమ్మ ఆమెకు తోడికోడలు, ఆమెను అప్పా అని అక్క వరసతో పిలిచేది. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఎల్లాజీ లక్ష్మణమ్మ మొగుడు, చిన్నవాడు నూకయ్య జగ్గమ్మ మొగుడు. ఊళ్ళో రాత్రిబడి పెట్టిన రోజుల్లో ఇద్దరూ కలిసే వెళ్ళారు. లక్ష్మణమ్మ దీపం ఆర్పేదాకా దిద్దేది. జగ్గమ్మ పలక మీద చెంప ఆనించి నిద్రపోయేది. లేచేసరికి మొదటి అక్షరం చెంప మీద సుద్దతో అచ్చు పడి ఉండేది. దాన్నలాగే పెట్టుకుని నవ్వుతూ ఇంటికి నడిచేది. అలాంటి మనిషికి సూర్యుడు. పలకలు అరగదీసిన తనకు మబ్బు.

"అప్పా, నీ నెత్తళ్ళు ఇంకా పచ్చిగున్నాయేటి?" అని జగ్గమ్మ తన అరుగు మీద నుంచి కేకేసేది. "ఓ తట్ట ఇటు తెచ్చీసి పొయ్యి. జాగా ఉన్నాది."

"నీ ఎండ నువ్వే కాసుకో," అనేది లక్ష్మణమ్మ.

జగ్గమ్మ మంచితనంతో పిలుస్తోందని ఆమెకు తెలుసు. అదే ఇంకా మండేది. దెప్పినా బాగుండును, తిరిగి రెండు అనడానికి ఉండేది.

"నువ్వు కూడా ఓ గుర్తు ఎట్టించుకోవే," అన్నాడు ఎల్లాజీ, వల బాగుచేసుకుంటూ.

"ఎట్టించుకోను."

"మరయితే ఏడవకు."

"నానెక్కడ ఏడుస్తన్నాను? ఉల్లిపాయలు కోస్తన్నాను."

ఆమె చేతిలో ఉన్నది బంగాళాదుంప. ఎల్లాజీ చూసి మళ్ళీ వల మీదికి వంగాడు.

ఆ వారంలోనే శ్రీకాకుళం నుంచి ధనరాజు అనే వ్యాపారి కబురు పంపాడు. మార్కెట్లో అతని కొట్టు పక్కన ఒక రేకుల కొట్టు ఖాళీ అయింది. అందులో కూర్చుని ఎండుచేపలు అమ్మడానికి ఒక మనిషి కావాలి. శనివారం వస్తాడు, ఈ ముసురులో ఎవరి సరుకు గలగలమని ఎండిందో వాళ్ళని కూర్చోబెడతాడు.

ఈ మాట విన్నాక లక్ష్మణమ్మకు వేరే ధ్యాస లేదు. పాతికేళ్ళుగా తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం వీధులు తిరిగిన మనిషి. ఇప్పుడు బస్సు మెట్టెక్కాలంటే ముందు మోకాలికి నచ్చజెప్పుకోవాలి. ఎండు చేపలో, ఎండు చేపలో అని గుమ్మం గుమ్మానికీ అరిచి గొంతు బొంగురుపోయింది. ఒక చోట కూర్చోవాలి. నెత్తి మీద నీడ ఉండాలి. కావలసినవాళ్ళే తన దగ్గరకు నడిచి రావాలి. ఆమె కోరిందల్లా అంతే. ఆ చోటు ఎవరికి వెళ్ళబోతోందో ఊరంతటికీ తెలుసు. సూర్యుణ్ణి పెట్టుకున్నదానికి కాక ఇంకెవరికి పోతుంది?

బుధవారం మధ్యాహ్నం లక్ష్మణమ్మ తలుపు దగ్గరగా వేసి ఫోను పట్టుకుని కూర్చుంది. కాయితంలో తన పేరు పక్కన వేలు పెట్టి, బొమ్మలుండే అర తెరిచింది. చూస్తే సగం గళ్ళు ఖాళీ. ఫోను పాతది, కొత్త బొమ్మల మొహం ఎరగదు. సూర్యుడు వీటిలోనే ఎక్కడో ఉండి ఉంటాడని ఒక ఖాళీ గడిని నొక్కింది. పేరు పక్కన ఒక చిన్న చదరం పడింది.

గురువారం పొద్దున ఆమె అరుగు మీద మూత లేని ఖాళీ పెట్టె ఉంది. దాన్ని తోసి చూసింది, కదల్లేదు. సగం అరుగు ఆక్రమించుకుంది.

"పెట్టె తెచ్చుకున్నావేటి, లచ్చుమణమ్మా?" అంది అమ్మడు దారిన పోతూ.

"ఆఁ. ఉప్పు ఏసుకోడానికి," అంది లక్ష్మణమ్మ. అన్నందుకు నిజంగానే ఇంట్లోంచి ఉప్పు మోసుకొచ్చి పోసింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ తలుపు వేసుకుంది. ముందు ఆ చదరాన్ని చెరిపేసింది. ఒడ్డున పెట్టె పోయింది, ఉప్పుతో సహా. తర్వాత ఆరో వరసలోకి దిగి జగ్గమ్మ పేరు పక్కన ఉన్న సూర్యుడి మీద బొటనవేలు ఆనించి పట్టుకుంది. సూర్యుడు నీలంగా మారాడు. పైన రెండు మాటలు లేచాయి. ఒకటి 'కత్తిరించు'. రెండోది 'కాపీ చేయి'.

రెండూ ఆమె చదవగలదు. రెంటికీ తేడా తెలుసు. కాపీ చేస్తే సూర్యులు ఇద్దరవుతారు. ఇద్దరి చేపా ఎండుతుంది, ధనరాజు ఇద్దరినీ చూస్తాడు. అప్పుడు జగ్గమ్మ నవ్వుతుంది, ఆ నవ్వు చూసి ఆమెనే కూర్చోబెడతాడు. లక్ష్మణమ్మ మొదటి మాటను నొక్కింది. ఆరో వరసలో జగ్గమ్మ పేరు బోసిగా మిగిలింది. పైకి వెళ్ళి నాలుగో వరసలో తన పేరు పక్కన సూర్యుణ్ణి అతికించింది. వేళ్ళు వేడిగా ఉన్నాయి. నీళ్ళ కుండలో చెయ్యి పెట్టి కూర్చుంది.

శుక్రవారం ఊరంతా బూడిద రంగులో ఉంది. నాలుగో అరుగు మీద మాత్రం ఎండ పెళపెళలాడుతోంది. లక్ష్మణమ్మ నెత్తళ్ళు పరుస్తోంది. ఒక్కొక్కటీ విడదీసి, తల ఒకవైపు తోక ఒకవైపు సర్దుతోంది. ఇంత ఇష్టంగా ఎన్నడూ పరచలేదు. సగం పరిచేసరికి జగ్గమ్మ వచ్చింది. చంకలో తడి చేపల తట్ట, చేతిలో ఫోను.

"అప్పా, ఓపాలి ఇలా సూడవే. నా పేరు కిందనుండేది గదా, పైకొచ్చీసినాదేటి?"

ఫోను లక్ష్మణమ్మ మొహం ముందు పెట్టింది. వేలు నాలుగో వరస మీద ఉంది. సూర్యుడి పక్కన, 'లక్ష్మణమ్మ' అన్న అక్షరాల మీద.

"ఇదే గదా నాను? నా సూరీడు ఇక్కడున్నాడు."

లక్ష్మణమ్మ చేతిలోని చేపను అరుగు మీద పెట్టింది. కాదు, అది నేనే అనాలంటే, మరి నా సూరీడు నీ పక్కకెలా వచ్చాడే అని అడుగుతుంది. సంఘంలో అక్షరం ముక్క తెలిసి కాయితం దిద్దగలిగేది ఎవరో అడగక్కర్లేదు.

"అవును," అంది. "అది నువ్వే."

"మరి కిందనున్న ఈ బోసి పేరు?" జగ్గమ్మ వేలు జారి ఆరో వరసలో, తన పేరు మీద ఆగింది. "గుర్తు నేదు గాబట్టి ఇది నువ్వు. అవునా?"

"ఆఁ. అది నాను."

"అంటే అరుగులు మార్సీసినారన్నమాట! దుర్గ పిల్ల ఓ మాట సెప్పలేదు సూడు." జగ్గమ్మ తట్ట దించింది. ఎండకు కళ్ళు చికిలించి, నాలుగో అరుగు మీద పరిచిన నెత్తళ్ళను చూసింది. "అయ్యో అప్పా, నీకూ తెలీక ఇక్కడ పరిసీసినావా? ఉండు, నానూ ఎత్తుతాను."

ఇద్దరూ కలిసి ఎత్తారు. లక్ష్మణమ్మ సర్దిన ప్రతి నెత్తల్నీ జగ్గమ్మ జాగ్రత్తగా తీసి ఆమె తట్టలో వేసింది. ఒక్కటి కూడా విరగలేదు.

"పోనీ నీవి కూడా ఇక్కడే ఓ పక్కన పరిసీ. రేపు ధనరాజు వస్తన్నాడు గదా."

ఆ మాట పట్టుకోవచ్చు. సగం అరుగు, సగం ఎండ. సరేనన్న మాట లక్ష్మణమ్మ నోటి దాకా వచ్చింది. జగ్గమ్మ మొహం చూసింది. ఆ మొహంలో ఎక్కడా అనుమానం లేదు.

"నాకేటి కర్మ?" అని తట్ట ఎత్తుకుని, మోకాళ్ళు కూడదీసుకుంటూ ఆరో అరుగు దగ్గరకు నడిచింది. అక్కడ సిమెంటు చల్లగా, చెమ్మగా ఉంది.

శనివారం ధనరాజు గొడుగు వేసుకుని వచ్చాడు. అరుగులన్నీ చూసుకుంటూ నాలుగో దాని దగ్గర గొడుగు మూశాడు. గుప్పెడు నెత్తళ్ళు తీసి చెవి దగ్గర ఆడించాడు. ఒకటి విరిచి వాసన చూశాడు.

"పేరేటమ్మా?"

జగ్గమ్మ నోటితో చెప్పలేదు. కాయితంలో తన పేరు ఎక్కడుందో తెలిసిన మనిషిలాగా, దర్జాగా ఫోను చాపి సూర్యుడి మీద వేలు పెట్టింది. "ఇదిగోండి, ఇదే నాను."

ధనరాజు సూర్యుడి పక్కనున్న పేరు చదువుకున్నాడు. తన ఫోన్లో ఆ పేరు ఎక్కించుకున్నాడు. "సోమవారం నుంచి వచ్చీ. బోర్డు రాయిస్తాను."

లక్ష్మణమ్మ రెండు అరుగుల అవతల నిలబడి ఉంది. నోరు తెరిచింది. తెరిచిన నోటితో ఆవలించి, మూసేసింది.

నెల తిరిగింది. జగ్గమ్మ రోజూ మొదటి బస్సుకు శ్రీకాకుళం వెళ్ళేది. నాలుగో అరుగు మీద నూకయ్య పరిచేవాడు. లక్ష్మణమ్మ తట్ట ఎత్తుకుని పాత వీధులే తిరిగేది. మార్కెట్ వైపు మాత్రం పోయేది కాదు. ఒకరోజు వాన తరుముకొస్తే పోక తప్పలేదు. రేకుల చూరు కనబడితే దాని కిందికి దూరింది. తలెత్తితే బోర్డు.

నీలం మీద ఎర్ర అక్షరాలు. 'లక్ష్మణమ్మ ఎండుచేపలు.'

ఆ రెండో అక్షరం రాయడానికి రాత్రిబడిలో ఆమెకు వారం పట్టింది. ఇక్కడ పెయింటరు దాన్ని చక్కగా, మెలికలు తిప్పి, చేటంత రాశాడు. దాని కింద స్టూలు మీద కాలు మీద కాలేసుకుని జగ్గమ్మ కూర్చుని ఉంది.

"అప్పా! ఇన్నాళ్ళకా?" జగ్గమ్మ దూకినట్టు లేచి, ఆమె నెత్తి మీది తట్ట దించి, ఆ స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టింది. "నీకో మాట సెప్పాల. ఇక్కడికొచ్చిన ప్రతోళ్ళూ నిన్నే అడుగుతన్నారే. లక్ష్మణమ్మా, లక్ష్మణమ్మా అని నన్నే పిలుస్తన్నారు. నువ్వు ఇన్నేళ్ళు తిరిగినదానివి గదా, టౌనులో ఒక్కడూ మరిసిపోనేదు నిన్ను. నాను నవ్వుకుని, మా అప్ప రానేదండీ, నాను ఇస్తాను అంటన్నాను."

లక్ష్మణమ్మ స్టూలు అంచు పట్టుకుంది. మోకాళ్ళు హాయిగా వంగాయి. అది కూడా ఓర్చుకోలేకపోయింది.

"ఇంకోటి." జగ్గమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని బోర్డు వైపు తిరిగింది. "అదేటి రాసినాడో ఎవుల్నీ అడగనేదు నాను. నువ్వొచ్చి సదువుతావని ఆగినాను. సదువు అప్పా. నా పేరు నీ నోటితో ఇనాల."

వాన రేకుల మీద దడదడలాడుతోంది. లక్ష్మణమ్మ లేచి నిలబడింది. తన పేరును మొదటి అక్షరం నుంచి ఆఖరు దాకా ఒకసారి లోపల చదువుకుంది. తర్వాత గొంతు సవరించుకుంది.

"జగ్గమ్మ ఎండుచేపలు," అంది.

"మల్లీ."

"జగ్గమ్మ," అంది లక్ష్మణమ్మ గట్టిగా, వీధుల్లో అరిచే గొంతుతో, గాల్లో ఒక్కో అక్షరం కిందా వేలు నడిపిస్తూ. "జగ్గమ్మ ఎండుచేపలు."

చూరు కింద నిలబడ్డ ఒకాయన తలెత్తి బోర్డు చూశాడు. లక్ష్మణమ్మ మొహం చూశాడు. ఏమనుకున్నాడో, అరకిలో నెత్తళ్ళు కట్టమన్నాడు.