ఫొటోలో పడ్డ పసుపు బకెట్టు

నేను ఒక పసుపురంగు ప్లాస్టిక్ బకెట్టును. ఒకే పూట, ఒకే అచ్చులో నాలాంటివాళ్ళు మూడొందల మంది పుట్టారు కాబట్టి వంశం గురించి గొప్పలు చెప్పుకోను. సంతలో నూకాలమ్మ నన్ను వేలితో మూడుసార్లు కొట్టి చూసి కొనుక్కుంది. కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు గట్టున ఆమెకో సొరపాదుంది. దానికి నీళ్ళు మోయడం నా ఉద్యోగం.

ప్రతి ఆదివారం తెల్లవారేసరికి వేణుగోపాలం అక్కడికి వచ్చేవాడు. అనకాపల్లిలో ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం. వారమంతా ఊరివాళ్ళ చూపు సరిచేసి, ఆదివారం కెమెరా పట్టుకుని తన చూపు వెతుక్కునేవాడు. నీళ్ళు, తామరాకులు, వెనక కొండ. తొమ్మిదేళ్ళుగా అదే ఫొటో, 'ఫొటోమిత్రులు' అనే సంఘం ఏటా పెట్టే పోటీలో తొమ్మిదేళ్ళుగా అదే ఓటమి. న్యాయనిర్ణేత త్రివిక్రమంగారిదీ ఒకటే మాట: "బాగుంది. కానీ ముందుభాగం ఖాళీ."

ఒక ఆదివారం నేను సరిగ్గా ఆయన కెమెరాకు ఎదురుగా ఉన్నాను.

"అమ్మా, ఆ బకెట్టు కాస్త తియ్యవా? ఎండ వచ్చేస్తోంది."

"పాదుకి నీలోసేక తీత్తాను బాబూ. అందాకా సూరీడు ఆగడా ఏటి?" అంది నూకాలమ్మ.

సూర్యుడు ఆగలేదు. ఉక్రోషంతో ఆయన నాతో సహా ఫొటో నొక్కేశాడు.

ఆ ఫొటోకే మొదటి బహుమతి! త్రివిక్రమంగారు దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారట. "అనంతమైన ప్రకృతి ముందు మనిషి పెట్టుకున్న ఆశ, ఈ బకెట్టు" అన్నారట. వేణుగోపాలం వచ్చి ఇదంతా చెబితే నూకాలమ్మ నాలోకి తొంగిచూసి, "బియ్యం కడుగు నీలండి బాబూ" అంది.

ఆయన ఆమెకు మూత ఉన్న కొత్త బకెట్టు ఇచ్చి నన్ను తీసుకెళ్ళాడు. అలా నా కళాజీవితం మొదలైంది. అరకు లోయలో నేను, లంబసింగి మంచులో నేను, సముద్రం ఒడ్డున నేను. "కొంచెం ఒంటరిగా ఉండవే" అని నన్ను బతిమాలేవాడు. బకెట్టు ఒంటరిగా ఎలా ఉండాలో నాకేం తెలుసు? ఊరికే ఉండేదాన్ని. అద్భుతంగా కుదిరిందనేవాడు.

మరుసటి ఏడు పదహారు ఫొటోలు పెట్టాడు. అన్నిటా నేనే. త్రివిక్రమంగారు ఆ చివరిదాకా నడిచి నిట్టూర్చారు.

"ప్రకృతి ఏదయ్యా?"

"కిందటేడు ఆశ అన్నారు కదండీ!"

"ఒకటుంటే ఆశ. పదహారుంటే స్నానాలగది."

పాపం, ఆ రాత్రి వేణుగోపాలం అన్నం ముట్టలేదు. పొద్దున్నే నన్నూ, బహుమతి ఫొటోనూ తీసుకుని ఆవ గట్టు మీదున్న నూకాలమ్మ దగ్గరికొచ్చాడు. "రెండూ నువ్వే ఉంచుకో. నేనిక మానేస్తున్నాను. నాకు చూడటం రాదు" అన్నాడు.

ఆమె ఫొటోను తిప్పి తిప్పి చూసింది. "బాగుంది గానీ, పిట్టలేవి బాబూ?"

"ఏ పిట్టలు?"

"ఎనక్కి తిరగండి. పదేల్లుగా ఆటికి ఈపే సూపిత్తన్నారు."

ఆయన తిరిగాడు. గట్టుకు రెండోవైపు నీటితుంగలో నీలం రంగు నీటికోళ్ళు! పొడుగు వేళ్ళతో తామరాకుల మీద, పెళ్ళిలో కొత్త చెప్పులు వేసుకున్నవాళ్ళలా జాగ్రత్తగా నడుస్తున్నాయి. ఆయన నోరు తెరుచుకుని చాలాసేపు చూశాడు. మెడలోని కెమెరా సంగతి ఆ తరవాతే గుర్తొచ్చింది. కిందినుంచి తియ్యాలని తోచి, నన్ను బోర్లించి నా మీద కూర్చున్నాడు. ఆయన మంచి పుష్టిగల మనిషి.

ఠప్పుమన్నాను. పిట్టలన్నీ లేచాయి. పడుతూనే ఆయన నొక్కాడు.

అడుగు పగిలిన నాలో నూకాలమ్మ మట్టి పోసి పుదీనా వేసింది. ఆ పిట్టల ఫొటోకు బహుమతి రాలేదు. "నేల ఏటవాలుగా ఉందేమిటి?" అని త్రివిక్రమంగారు అడిగితే, "నేను పడుతున్నానండీ" అన్నాడట వేణుగోపాలం, సంతోషంగా.

నేను పగిలిన మరుసటి ఆదివారానికే ఆయన సొంతంగా పీట తెచ్చుకున్నాడు.