నలుగురి తాళంచెవి

చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన గుమ్మంలోంచి, "నీలం కోటు మీదకి ఇదే బాగుంటుంది కదూ?" అన్నాడు. బాగుంటుందన్నాను. ఆ చొక్కా వేసుకుని అతను శాస్త్రవేత్తల సభలో చెప్పబోయేది నేను చేసిన పని గురించి.

ఇద్దరం ఒకే ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తాం. రహస్యంగా మాట్లాడుకోవాలనుకునేవాళ్ళకు కాంతి కణాలతో తాళంచెవి లాంటి ఒక సంకేతం తయారుచేసి ఇవ్వడం మా పని. కణాలను ఒక్కొక్కటిగా పంపుతాం. దారిలో ఎవరైనా తొంగిచూస్తే అవి చెదిరిపోతాయి, చూసిన సంగతి బయటపడుతుంది. ఇద్దరి మధ్య ఇది ఎప్పుడో కుదిరింది. నలుగురికి ఒకే తాళంచెవి ఒకేసారి అందించాలంటేనే తలప్రాణం తోకకొస్తుంది. బయటివాడితో కాదు చిక్కు, సరిచూసుకోవడానికి నలుగురూ తమ కణాలను కొలిచిన ఫలితాలు కొన్ని చెప్పుకుంటారు, వాళ్ళలోనే ఒకడు అబద్ధమాడితే ఎలా? "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడమ్మా, నువ్వేం పడతావు?" అని మా పెద్దసారు నవ్వేవాడు. నేను పట్టాను. పాలు పొంగకుండా చూస్తూ, తడిబట్టలు పిండుతూ, పాప హోంవర్కు పక్కన కూర్చుని ఆలోచించి ఆలోచించి పట్టాను.

సభకు ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చినప్పుడు పెద్దసారు, "ఎవరు చెబితే ఏముందమ్మా, ఒకే ఇంటివాళ్ళు," అన్నాడు. అదే వారం అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయింది. "చుక్కలు వెయ్యడం నావల్ల కాదు, చెయ్యి వణుకుతుంది," అన్నాడు మా ఆయన. లేజరు అద్దాలను వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసే చెయ్యి అది. నర్సును పిలుద్దామన్నాను. "పరాయివాళ్ళు ముట్టుకుంటే అమ్మకి పడదు. నీకు తెలీదా?" తెలుసు. ఆ ఇంట్లో ఎవరికేది పడదో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళే ఇంట్లో ఉండిపోవాలి కాబోలు.

సభ ఫోన్‌లో ప్రత్యక్షంగా వస్తోంది. అత్తయ్య మంచం పక్క బల్ల మీద ఫోన్ నిలబెట్టి చూస్తూ కూర్చున్నాను. అతను చూపిస్తున్న బొమ్మలన్నీ నేను గీసినవే. అతను చక్కగా చెప్పాడు, ఆ మాట కాదనను. చివర్లో ముందు వరుసలోని ఒకావిడ లేచి, "నలుగురిలో ఒకరు మిగతావాళ్ళ ఫలితాలు వినేదాకా ఆగి, దానికి తగ్గట్టు తనది మార్చి చెబితే మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. అతను నీళ్ళు తాగాడు. చెయ్యి బల్ల కిందకు పోయింది. నా ఫోన్ తెర మీద అతని మొహానికి అడ్డంగా మెసేజ్ వచ్చింది. "త్వరగా చెప్పు."

నా వేళ్ళు నన్ను అడగలేదు. "ఎవరు ముందు చెప్పాలో ముందుగా ఎవరికీ తెలియనివ్వం. కణాలన్నీ అందాకే ఆ వరుస తేలుతుంది. అబద్ధమాడేవాడికి సర్దుకునే వీలుండదు. తేడాలు పెరిగితే ఆ తాళంచెవినే పారేస్తాం." అతను తల వంచి చదువుకున్నాడు, తల ఎత్తి చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆవిడ మాత్రం కూర్చోలేదు. "చాలా బాగుంది. మీలో ఇది ఎవరికి తట్టింది?"

అతను మళ్ళీ బల్ల కిందకు చూశాడు. నేను ఏమీ పంపలేదు.

"అందరం కలిసే చేశాం," అన్నాడు నవ్వుతూ.

అత్తయ్య కళ్ళు మూసుకునే వింటోంది. "మనవాడి గొంతే కదే? ఎంత బాగా చెప్పాడో," అంది. ఔనన్నాను. చుక్కల సీసా మూత తీసి ఆవిడ రెప్ప పైకెత్తాను. ఆవిడ పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఎన్నడూ అడగని మాట అడిగింది. "నువ్వూ అక్కడే కదా. నువ్వేం చేస్తావే అక్కడ?"

అడిగేవాళ్ళు లేకే చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అడిగింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"ఆయనకి కాస్త సాయంగా ఉంటానత్తయ్యా," అన్నాను.

ఆ మాట అనమని నాకు ఎవరూ మెసేజ్ పెట్టలేదు.