అటక మీది పురుగు

టైలరుకు యాభై దాటినా జుట్టు నల్లగా నిగనిగలాడేది. "మా వంశంలోనే జుట్టు నెరవదు" అని మీసం దువ్వేవాడు. రంగేసుకునే తోడల్లుణ్ణి మాత్రం "ఏం తమ్ముడూ, నెత్తికి బూట్ పాలిష్ అయిందా?" అని నలుగురిలో ఏడిపించేవాడు.

ఆ ఆదివారం పొద్దున్న తలుపు గడియ పెట్టుకుని కొత్త రకం రంగు పట్టించాడు. మధ్యాహ్నానికి నెత్తి భగ్గుమంది. తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు. సాయంత్రానికి మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ తోడల్లుడే.

"తలకేం రాశారు?" అంది డాక్టరమ్మ.

"ఏదో పురుగు కుట్టిందండీ."

"ఆ పురుగు అటక మీద డబ్బాలో ఉంటుందమ్మా," అంది వెంట వచ్చిన భార్య. "పదేళ్ళుగా చూడనట్టే ఉంటున్నాను."

"రంగులోని మందు మీ ఒంటికి పడలేదు," అంది డాక్టరమ్మ. " గొంతు కూడా వాచి ఉంటే ప్రాణం మీదికొచ్చేది. ముందు చెవి వెనక కాస్త రాసి, రెండ్రోజులు చూసుకోవాలని తెలీదా?"

టైలరుకు తల కొట్టేసినట్టయింది.

తోడల్లుడు చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "నేను ప్రతిసారీ అలాగే చూసుకుంటాను అన్నయ్యా. ఒక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ణిగా," అన్నాడు.

అతను నవ్వుతున్నాడేమో టైలరుకు కనబడలేదు. గొంతులో మాత్రం నవ్వు లేదు. నెత్తికన్నా అదే ఎక్కువ మండింది.