సముద్రాలు దాటిన నన్ను విశాఖ దారిలో పెట్టారు

నేను మహాసముద్రాలు దాటడానికి పుట్టిన పెద్ద విమానాన్ని. రెండు నడవలు, మూడు వందల సీట్లు, ఒకసారి లేస్తే సగం భూమి చుట్టి గాని నేల ముట్టని ఒళ్లు. ప్రయాణికులు నాలో రెండు పూటలా భోంచేసి, నిద్రపోయి, పక్కవాళ్లతో పోట్లాడి, రాజీపడి మరీ దిగేవారు.

అలాంటి నన్ను హైదరాబాదు, విశాఖపట్నం మధ్య తిప్పమన్నారు. కంపెనీ చిన్న విమానాలన్నీ ఇంజన్ల మరమ్మతుకు వెళ్లాయట. మొదటిరోజే నిర్ఘాంతపోయాను. పైకెక్కి ఒళ్లు సర్దుకునేలోపే దిగమన్నారు. టీ పంచడం పూర్తికాకుండానే కప్పులు వెనక్కి తీసుకుంటున్నారు. మళ్లీ ఎక్కు, మళ్లీ దిగు.

మనుషుల వయసు ఏళ్లలో ఉంటుంది, మా వయసు ఎన్నిసార్లు ఎక్కి దిగామన్న లెక్కలో ఉంటుంది. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలికి నా ఒళ్లు ఉబ్బుతుంది, దిగాక సడలుతుంది; అలా ఉబ్బి సడలి ఒంటి రేకు అలసిపోతుంది. నన్ను చూసుకునే ఇంజనీరు మెహరున్నీసా పై అధికారికి చెప్పింది కూడా.

"ఇలా తిప్పితే దీన్ని మనమే తొందరగా ముసలిదాన్ని చేస్తాం సార్."

"కొన్నాళ్లే కదమ్మా," అన్నాడాయన. ఆ కొన్నాళ్లు రెండేళ్లు దాటాయి.

ఒక వానాకాలం మధ్యాహ్నం విశాఖలో ఎర్రయ్య అనే జాలరిని ఎక్కించారు. చేపల పడవ మీంచి జెట్టీ రాళ్లపై పడి అతని మెడ ఎముక విరిగింది. హైదరాబాదు పెద్దాసుపత్రికి రోడ్డు మీద తీసుకెళితే ఆ కుదుపులకు ప్రాణం పోతుందన్నారు డాక్టర్లు. ఆ దారిలో స్ట్రెచర్ పట్టే విమానాన్ని నేనొక్కదాన్నే. వెనక వరుసల సీట్లు మడిచి, వాటిపై అతన్ని పడుకోబెట్టారు. రెండేళ్లలో మొదటిసారి, ఇక్కడ నా అవసరం ఉందనిపించింది.

అతని భార్య నూకాలు ఎయిర్ హోస్టెస్ శోభితను అడిగింది. "అమ్మా, దిగినప్పుడు కుదుపొత్తదా?"

శోభిత ఆ మాట కెప్టెన్ ఆదిశేషుకు చేరవేసింది. ఆయన హైదరాబాదులో వాతావరణం ఎలా ఉందో కనుక్కున్నాడు. తర్వాత, "రాదని చెప్పు," అన్నాడు.

హైదరాబాదులో వాన కురుస్తోంది. ఆదిశేషు నన్ను ఎంత మెల్లగా దించాడంటే, చక్రాలు నేలను తాకిన సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది.

"ఇంకా గాల్లోనే ఉన్నామేటి?" అన్నాడు ఎర్రయ్య.

"దిగిపోనాం. కదలకు," అంది నూకాలు. అతని తలను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

ఎర్రయ్య బతికాడు. శోభిత ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని అందరికీ చెప్పింది.

ఆ వారంలోనే నన్ను తనిఖీకి షెడ్డులో పెట్టారు. వెనకవైపు నేల పలకలు ఊడదీసిన మెహరున్నీసా టార్చి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆదిశేషును పిలిపించింది. నా ఒంటి రేకులో మూరెడు పొడవున చీలిక.

"ఇది ఇప్పటిది కాదు సార్. నెలల క్రితమే మొదలైంది. ఇంకొన్నిసార్లు ఎగిరితే గాల్లోనే విచ్చుకునేది."

ఆదిశేషు మడిచి ఉన్న సీట్ల వైపు చూశాడు, మళ్లీ చీలిక వైపు చూశాడు. అక్కడే కూర్చుండిపోయాడు.

"ఏమైంది సార్?"

"ఆ మనిషిని సరిగ్గా దీని మీదే పడుకోబెట్టాం," అన్నాడు.

నేనిక ఎగరలేదు. నన్ను తుక్కు చేయడానికి రెక్కలు కోసేవాళ్లు వచ్చినప్పుడు కూడా, ఆ మాట విన్నప్పుడు పుట్టినంత వణుకు నాకు పుట్టలేదు. మెల్లగా దించగలిగామని ఆయనా నేనూ పొంగిపోయిన ఆ మధ్యాహ్నం, నాలో ఏం తెగుతోందో మా ఇద్దరికీ తెలియదు.