తోడికోడలి తీరిక

“సంగటి ఉండలు కట్టింది నా వల్ల కాదత్తా! ‘కదలొద్దక్కా, ఫోటోకి ఆవిరి బాగుండాది’ అని నీ చిన్నకోడలే నా చెయ్యి ఆపింది,” లక్ష్మక్క ఇంకా వాదిస్తూనే ఉంది.

“గెలికే చెయ్యి యాడన్నా ఆపుతారా?” అంది అత్త, హిందూపురంలో రీలు కడిగించి తెచ్చిన ఫోటోలను ఎడమచేత్తో మురిపెంగా తిప్పుతూ.

ఫోటోల్లో పొయ్యి, చాట, ఎండుతున్న మిరపకాయలు. అన్నీ లక్ష్మక్క చేసే పనులే. మెప్పు మాత్రం కెమెరా పట్టిన చిన్నకోడలు రేఖకు.

“ఏ పనైనా నిలబడి నెమ్మదిగా చూస్తే మనసు కుదుటపడుతుందక్కా,” అంది రేఖ.

లక్ష్మక్క పులుసు గిన్నె పొయ్యి మీంచి దించింది. ఫోటోలు ఎవరైనా తీసుకోనీ, అలా నిలబడి చూసే తీరిక కాపురానికి వచ్చినప్పటి నుంచి తనకు ఒక్క పూటైనా దొరకలేదు.

అందరికీ పులుసు వడ్డించి మెల్లగా చెప్పింది.

“రేపట్నుంచి సంగటి రేఖ గెలుకుతాది. నేను పక్కన నిలబడి చూస్తా.”