దూమాస్ గడప దాటేవరకు

కొత్త ఇంట్లోకి ముందు పిల్లి వెళ్ళాలి, తర్వాతే మనుషులు. పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ మంచం వేసుకోవాలి. మా లిథువేనియాలో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

నా భార్య టెక్లె దీని మీదే పిల్లలకో పుస్తకం రాసింది. అందులో దూమాస్ అనే బూడిదరంగు పిల్లి ఊళ్ళో జరిగే ప్రతి గృహప్రవేశానికీ పెద్దమనిషిలా వెళ్తుంది. అది అచ్చయిన పుస్తకం కాదు. దళసరి కాగితాల మీద తనే బొమ్మలు వేసి, చేత్తో రాసి, చెప్పులు కుట్టే దారంతో కుట్టింది. ఉన్నది ఒక్కటే ప్రతి. ముప్ఫై ఏళ్ళు మా ఊరి లైబ్రరీలో పిల్లల గది చూసుకున్న మనిషి. గురువారం వస్తే అది చదివి వినిపించేది. పోయిన చలికాలంలో తను కన్నుమూసింది. పుస్తకం నా వంటింటి అలమరలో ఉండిపోయింది.

సెప్టెంబరులో కొత్త లైబ్రరీ తయారైంది. పుస్తకం పట్టుకెళ్ళి ఉగ్నే చేతిలో పెట్టాను. ఆమె ఇప్పుడు లైబ్రరీకి అధికారి. ఒకప్పుడు ఏడో తరగతిలో నా దగ్గర ఆకుల ఈనెలు లెక్కపెట్టిన పిల్ల.

"అద్దాల పెట్టెలో పెడతాను మాస్టారూ. తలుపు పక్కనే. వచ్చినవాళ్ళందరికీ కనబడుతుంది."

"కనబడితే చాలదమ్మా, పిల్లల చేతికి అందాలి."

"అందితే నెల తిరక్కుండా చింపేస్తారు. ఇంకోటి ఎక్కణ్ణించి తెస్తారు మీరు?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పుస్తకం కింద పెట్టేముందు బల్లని తన చొక్కా చేతితో తుడిచింది. అది చూసి ఇంటికొచ్చాను. కానీ టెక్లె పుస్తకానికి తాళం వేస్తారన్న మాట ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ప్రారంభోత్సవం శనివారం పొద్దున. తెరిచిన తలుపుకి అడ్డంగా రిబ్బను కట్టారు. మేయరు కత్తెర పట్టుకున్నాడు. మా పక్కింటి స్టాసె ఆనవాయితీ ప్రకారం రొట్టె, ఉప్పు ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఇంతలో తొమ్మిదేళ్ళ లియెపా నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది.

"పిల్లి ఏది?"

"ఇది ఇల్లు కాదమ్మా, లైబ్రరీ," అన్నాడు మేయరు.

"అయితే ఏంటి? టెక్లె అమ్మమ్మ పుస్తకంలో బడిలోకి కూడా దూమాసే ముందెళ్ళింది!"

జనం నవ్వారు. మేయరూ నవ్వక తప్పలేదు. మా ఇల్లు రోడ్డుకి అవతలే. వెళ్ళి మా పిల్లి దూమాస్‌ని తెచ్చాను. పుస్తకంలోని బొమ్మకి ఆధారం ఇదే. పద్నాలుగేళ్ళొచ్చాయి, కుడిచెవి కొస లేదు. రిబ్బను కింద, గడప ముందు దించాను. అది కూర్చుని పంజా నాక్కోవడం మొదలుపెట్టింది.

"రా నాయనా, రా బంగారం," అంటూ స్టాసె ఎండుచేప తోలు చూపించింది. దూమాస్ తల కూడా తిప్పలేదు.

"దీని పొగరు చూడండి! పుస్తకంలోకెక్కినప్పట్నించీ కళ్ళు నెత్తికెక్కాయి దీనికి," అంది స్టాసె.

"ఎత్తి లోపల పడేయండి మాస్టారూ, నాకు అవతల ఇంకో మీటింగుంది," అన్నాడు మేయరు.

"ఎత్తకూడదు!" లియెపా అరిచింది. "ఆరో పేజీ!"

"ఆరో పేజీలో ఏముందే?" అడిగింది స్టాసె.

పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. "దూమాస్‌ని పిలవకండి. అటు తిరిగి నిలబడండి. ఇరవై లెక్కపెట్టండి. పదిమంది గుడ్లప్పగించి చూస్తుంటే కొత్తింట్లో కాలు ఎవరు పెడతారు?"

ఒక్క మాట తప్పలేదు. ‘ఇరవై’ ముందు టెక్లె ఊపిరి తీసుకునే చోట వాళ్ళూ ఊపిరి తీసుకున్నారు.

ముందు స్టాసె తిరిగింది. తర్వాత చర్చి ఫాదరు, ఆ వెనకే కత్తెరతో సహా మేయరు. ఊరు ఊరంతా లైబ్రరీకి వీపు పెట్టి నిలబడి, నా భార్య రాసినట్టు ఇరవై లెక్కపెట్టింది. జీవితంలో నాకు చాలా సన్మానాలు జరిగాయి. ఇంత గొప్పది ఒక్కటీ లేదు.

తిరిగి చూస్తే గడప ఖాళీ. మేయరు గబగబా రిబ్బను కత్తిరించాడు. అందరం లోపలికి వెళ్ళాం. దూమాస్ అద్దాల పెట్టెని దాటిపోయి, పిల్లల గదిలో అన్నిటికన్నా కింది అరలో, ఇంకా పుస్తకాలు సర్దని ఖాళీలో ముడుచుకుని పడుకుంది.

లియెపా ఉగ్నే వైపు చూసింది. "పిల్లి పడుకున్న చోటే మంచం."

"మంచమా? లైబ్రరీలో మంచమెందుకే?"

"మంచం కాదు. పుస్తకం."

ఉగ్నేకి అర్థమైంది. "మరి చిరిగిపోతే?"

"చిరిగితే ఏం? మాకు మొత్తం వచ్చుగా!"

ఉగ్నే జేబులోంచి తాళంచెవి తీసి, వెళ్ళి అద్దాల పెట్టె తెరిచింది. "సరే. గురువారం అందరూ రండి. మీరు చెప్పండి, నేను ఇంకో ప్రతి రాసుకుంటాను. బొమ్మలు మాత్రం నావల్ల కాదు, మీరే వెయ్యాలి."

లియెపా అర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పుడే తిన్న ఆపిల్ కేకు జిగురు వేళ్ళకి ఉన్నట్టుంది. పుస్తకం అందుకునే ముందు పదివేళ్ళూ గౌనుకి శుభ్రంగా తుడుచుకుంది. తను మొదటి పేజీ తిప్పడం కళ్ళారా చూడాలనిపించింది నాకు.

కానీ ఆరో పేజీ నాకూ వచ్చు. అటు తిరిగి నిలబడ్డాను.